చప్పుడు లేని తన్ను

మాస్టారు ఆఫీసులో అడుగుపెట్టేసరికి ఎడమకన్ను వాచి మూసుకుపోయి ఉంది. చొక్కా కాలరు చిరిగి వేలాడుతోంది. సగం జీవితం జనానికి దెబ్బ ఎలా కాచుకోవాలో నేర్పిన మనిషి, ఈ దెబ్బని మాత్రం చేతులు కట్టుకుని తిన్నాడని చిట్టికి చూడగానే అర్థమైంది.

చిట్టి డిటెక్టివ్ గారి సహాయకుడు. ఆరడుగుల పైన పొడవు, దానికి తగ్గ వెడల్పు. గుమ్మంలో నిలబడితే గదిలోకి వెలుతురు రాదు. పూర్వం కోర్టులో స్టెనోగా పనిచేసేవాడు. ఎందుకు మానేశావని ఎవరైనా అడిగితే, "అక్కడ అబద్ధాలు రాసుకునేవాణ్ణి, ఇక్కడ అవి విరగడం చూస్తున్నాను" అనేవాడు. డిటెక్టివ్ గారంటే అతనికి గురి. ఆవిడ యాభై దాటిన మనిషి. జుట్టు లాగి కట్టిన ముడి, లాగి కట్టినట్టే ఉండే మాట. మొహమాటమన్నది ఆ ఇంటా వంటా లేదు.

"ఎవరు కొట్టారు?" అంది ఆవిడ, కూర్చోమనకుండానే.

"పిడుగు వాళ్ళ నాన్న. లారీ డ్రైవరు."

"మీరు తిరిగి కొట్టలేదు."

"ఆయన కూతురు ఆసుపత్రిలో ఉంది. ఏ మొహం పెట్టుకుని కొట్టను?"

మాస్టారు కుర్చీ అంచున కూర్చుని చెప్పుకొచ్చాడు. ఆయనది కిక్‌బాక్సింగ్ నేర్పే హాలు. పిడుగు ఆయన శిష్యురాలు. ఆ హాల్లో అంత వేగంగా కాలు లేచే మనిషి ఇంకొకరు లేరు, అందుకే ఆ పేరు. మొన్న జట్టు ఎంపికకి పోటీ జరిగింది. ఆఖరి ఆటలో పిడుగుకి ఎదురు నిలబడింది మాస్టారి సొంత కూతురు. పిడుగు కుడికాలితో పైకి తన్నబోయింది. తంతూ తన కుడిచేతిని మొహం దగ్గర నుంచి కిందికి విసిరేసింది. తల ఆ పక్క తలుపు తీసినట్టు ఖాళీ అయింది. మాస్టారి కూతురు కాలు నేరుగా అక్కడ తగిలింది. పిడుగు కుడిచెవి లోపల పగిలింది. వినికిడి పోయింది, లేచి నిలబడితే గది గిర్రున తిరుగుతోంది.

"కావాలని ఆ పిల్లకి తప్పు నేర్పానంటున్నాడు వాళ్ళ నాన్న. నా కూతురు గెలవాలని. పోలీసులకి కూడా చెప్పాడు. హాలు సగం ఖాళీ అయింది. తలుపు మీద ఎవరో బూతులు రాసిపోయారు."

"మీరు నేర్పారా?"

"చెయ్యి ఎత్తు, చెయ్యి ఎత్తు అని గొంతు బొంగురుపోయేలా అరిచాను. వినలేదు." మాస్టారు తన చేతులకేసి చూసుకున్నాడు. "ఆ పాఠం నేనే నేర్పాను లెండి, వినకూడదని. మా హాల్లో రోజూ వీడియో తీస్తాం. ఎవరి తన్నులు వాళ్ళకి ఫోనుకి పంపుతాం. మనిషి తను చేస్తున్నాననుకునేది ఒకటి, చేసేది ఇంకొకటి. వంద చెప్పినా ఎక్కనిది ఒక్కసారి చూస్తే ఎక్కుతుంది. అందుకని చేరిన ప్రతివాళ్ళకీ మొదటిరోజే చెబుతాను, నా మాట నమ్మొద్దు, వీడియో నమ్మండి అని. చెయ్యి ఎత్తమని నేనంటే పిడుగు అదే తిప్పి కొట్టింది. వీడియోనే నమ్ముతున్నాను మాస్టారూ, మిమ్మల్ని కాదు, అంది."

డిటెక్టివ్ చేతిలోని పెన్ను బల్ల మీద పెట్టింది. "మీకు కావలసింది నేను వెతకను. జరిగింది వెతుకుతాను. అది తిరిగొచ్చి మీ నెత్తినే పడితే?"

"పడనీండి. తెలియకుండా మోయడం కన్నా నయం."

*

హాలు ఒక పాత గోదాము పైఅంతస్తులో ఉంది. ఇనప మెట్లు, చెమటా నొప్పుల తైలం కలిసిన వాసన. నేలంతా నీలం చాపలు, గోడకి పెద్ద టీవీ, ఆ గోడవారనే కొక్కేలకి వేలాడే, తన్నులు కాచుకునే తోలు ప్యాడ్లు. మూల మూడుకాళ్ళ స్టాండు మీద కెమెరా. ఒక్క మనిషి కూడా వచ్చినవాళ్ళకి నమస్కారం పెట్టలేదు.

మాస్టారి కూతురు పైనుంచి వేలాడే బస్తాని తంతోంది. ఆగకుండానే మాట్లాడింది.

"మీరూ అదే అడగడానికొచ్చారా? తన్నింది నేనే. ఖాళీ కనపడింది, తన్నాను. బరిలోకి ఎక్కింది కబుర్లు చెప్పుకోడానికి కాదు."

"ఆ చెయ్యి దిగుతుందని ముందే తెలుసా?"

"హాలు మొత్తానికి తెలుసు. నాన్న అరుపులు వీధి చివరిదాకా వినపడేవి. ఆవిడగారికే వినపడలేదు."

"బాధగా లేదా?" అన్నాడు చిట్టి ఆపుకోలేక.

ఆ అమ్మాయి అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది. "ఉంటే మీకు తీసి చూపించాలా?"

మళ్ళీ బస్తా మీద పడింది. డిటెక్టివ్ కాసేపు ఆమె కాళ్ళకేసే చూసి, "అన్నీ ఎడమకాలి తన్నులే" అంది.

"నాది ఎడమవాటం. చిన్నప్పట్నుంచీ అంతే. దానికీ కేసు పెడతారా?"

కెమెరా పక్కన ముక్కాలిపీట మీద కూర్చున్నవాడు మాస్టారి బావమరిది. సన్నగా, దిగులుగా, ప్రపంచమంతా తనకి బాకీ ఉన్నట్టు ఉన్నాడు.

"నన్నడగకండి. బావ దృష్టిలో నేను ఈ స్టాండుకి నాలుగో కాలుని. నొక్కమంటే నొక్కుతాను, ఆపమంటే ఆపుతాను. చాప మొత్తం పట్టేలా ఒకటే వీడియో తీస్తాను. ఎవరి ముక్క వాళ్ళకి ఇంట్లో కత్తిరించి పంపుతారు, బావ నంబరు నుంచి."

"మాటలు కూడా వస్తాయా వీడియోలో?"

"ఎందుకు రావు? బావ నన్ను తిట్టే తిట్లతో సహా వస్తాయి. కెమెరాకి నోరు నొక్కే అలవాటు నాకు లేదు. నా నోరు నొక్కేవాళ్ళే చాలామంది ఉన్నారు."

"మీ బావంటే మీకు గిట్టదు."

"గిట్టేవాళ్ళు ఎవరైనా కనపడితే చెప్పండి, దండ వేసొస్తాను."

అప్పుడే మాస్టారి భార్య చాపలు తుడవడం ఆపి మంచినీళ్ళు తెచ్చింది. ఆ హాల్లో గొంతు పెంచకుండా మాట్లాడిన మొదటి మనిషి ఆవిడే. గ్లాసు అంచు కొంగుతో తుడిచి మరీ ఇచ్చింది.

"పిల్ల మాటలు పట్టించుకోకండమ్మా. రాత్రుళ్ళు నిద్రపోవడం లేదు, అందుకే ఆ విసురు. పిడుగు కూడా నా చేతుల్లో పెరిగినట్టే. ఆట అయ్యాక రొప్పుతూ వస్తే నేనే నీళ్ళిచ్చేదాన్ని."

"క్లిప్పులు కత్తిరించి పంపేది ఎవరు?"

"నేనేనమ్మా. ఆయనకి ఫోనులో అక్షరాలు కూడా కనపడవు. పెళ్ళికి ముందు వీడియో స్టూడియోలో చేసేదాన్ని లెండి, ఆ చేతిపని పోలేదు." చిన్నగా నవ్వింది. "మా అమ్మకి ఒంట్లో బాగోక నేను ఊరెళ్తే ఆ వారం మా తమ్ముడు పంపాడు. అన్నీ తలకిందులుగా వెళ్ళాయిట. అందరూ మెడలు తిప్పుకుని చూడాల్సొచ్చింది."

"నువ్వు నేర్పితేగా అక్కా" అన్నాడు బావమరిది పీట మీంచే.

మెట్లు దిగుతూ చిట్టి అన్నాడు. "మేడమ్, ఆ ఇంట్లో ఆవిడొక్కతే మనిషిలా ఉంది. మిగతావాళ్ళు ముళ్ళకంపలు."

డిటెక్టివ్ జవాబివ్వలేదు. జవాబివ్వకపోతే తను ఎక్కడో తొందరపడ్డాడని అర్థం. ఎక్కడో తేల్చుకోలేక అతను వీధి చివరిదాకా సతమతమయ్యాడు.

*

ఆసుపత్రి గది బయట లారీ డ్రైవరు గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. చేతి కణుపులు తోలు లేచిపోయి ఎర్రగా ఉన్నాయి.

"ఆయన పంపాడా మిమ్మల్ని? అయితే వచ్చిన దారినే పొండి."

"ఆయనే పిలిచారు" అంది డిటెక్టివ్. "కానీ ఆయన తప్పు చేసినట్టు తేలితే మొదట చెప్పేది మీకే. మీ చేతికి మందు రాయించుకోండి, చీము పడుతుంది."

ఆయన తన చేతికేసి చూసుకుని దారి వదిలాడు.

పిడుగు మంచం మీద రెండు దిండ్ల మధ్య కదలకుండా కూర్చుని ఉంది. పేరుకి తగిన కళ్ళు. వాటిలో ఏడుపు లేదు, కసి ఉంది.

"ఎవరూ నాకు తప్పు నేర్పలేదు. మా నాన్నకి చెప్పినా వినడు. నేనే నేర్చుకున్నాను. చూడండి."

ఫోను తీసి వరసగా చూపించింది. ఒక క్లిప్పులో కుడిచెయ్యి చెంప దగ్గరే ఉంచి తన్నింది. కాలు బద్ధకంగా లేచింది, నీళ్ళలో తన్నినట్టు. తరవాతి దానిలో చెయ్యి కిందికి విసిరి తన్నింది. కాలు కొరడాలా తిరిగింది.

"చెయ్యి పైనుంటే ఎంత చచ్చుగా ఉందో చూశారుగా. విసిరితే నడుము తిరుగుతుంది, వేగం వస్తుంది. నా కళ్ళతో నేను చూశాను. రోజూ ఇది చూసుకుని ఏడ్చేదాన్ని. ఇంట్లో అద్దం ముందు చెయ్యి విసిరి విసిరి సాధన చేశాను. మర్నాడు క్లిప్పు బాగా వచ్చేది. మాస్టారేమో చెయ్యి ఎత్తమని ఒకటే పోరు. నన్ను నెమ్మది చెయ్యాలనే చెబుతున్నారనుకున్నాను. ఆయన కూతురు ఉందిగా పోటీలో."

"ఎప్పుడూ ఇలాగే వచ్చేవా? మార్పే లేదా?"

ఆమె ఆలోచించింది. "మధ్యలో కొన్నాళ్ళు చెయ్యి పైనున్నా బాగానే పడ్డాయి. ఆ వీడియోలు తలకిందులుగా వచ్చాయి, సరిగ్గా చూడలేదు కూడా. ఏదో గాలివాటంగా పడ్డాయనుకున్నా. తరవాత మళ్ళీ మామూలే."

"ఎడమకాలి తన్నులు?"

"వాటికేం? అవెప్పుడూ బాగానే ఉండేవి."

డిటెక్టివ్ ఫోను తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళింది. చిట్టిని పిలిచి ఒక క్లిప్పు పెట్టింది. చెయ్యి పైనున్న తన్ను.

"ఏం వినపడింది?"

"ఏమీ లేదు మేడమ్."

ఇంకొకటి పెట్టింది. చెయ్యి విసిరిన తన్ను. ధబ్‌మని బస్తా చప్పుడు, వెనకాల మాస్టారి కేక. ఎడమకాలి తన్ను పెట్టింది. దానిలోనూ చప్పుడుంది. మళ్ళీ మొదటిదే పెట్టి, "ఇప్పుడు ఆ అమ్మాయిని చూడకు. వెనక గోడ చూడు" అంది.

గోడ దగ్గర ఒక లావుపాటి మనిషి కొక్కేనికి ప్యాడ్ తగిలించబోతున్నాడు. అది చేతిలోంచి జారింది.

"ఎలా పడింది?"

చిట్టి ఇంకోసారి చూశాడు. బరువైన తోలు ప్యాడ్ అది. గాలిలో తేలుతూ, తాపీగా, పూరేకు రాలినట్టు దిగింది.

అతను చప్పున తలెత్తాడు. "మేడమ్, ఇది..."

"ఇక్కడొద్దు. ఈ క్లిప్పులన్నీ నీ ఫోనులోకి ఎక్కించుకో. ఆ లావుపాటి మనిషిని పట్టుకుందాం పద."

*

ఆ మనిషి దర్జీ. పొట్ట తగ్గించుకోడానికని హాల్లో చేరి, పొట్టా వదలక, హాలూ వదలక ఉన్నవాడు. దుకాణంలో కుట్టుమిషను మీద వంగి, తలెత్తకుండా మాట్లాడాడు.

"నా వీడియోలు మీకెందుకు? నేను తన్నితే చూసేవాళ్ళు నవ్వుతారు, కేసులు పెట్టరు."

"మీరు ప్యాడ్ జారవిడిచిన రోజుది కావాలి."

"ఓ, అదా." మిషను ఆగింది. "నా కాలి మీదే పడింది. గోరు నల్లబడింది. ఇంత బరువుందని చేరేటప్పుడు ఒక్కరూ చెప్పలేదు." సణుగుతూనే ఫోను తీసి క్లిప్పు వెతికాడు. "హాలు మూసేస్తారటగా. మూసేయాల్సిందే. ఆ మాస్టారిది నోరా, బండి హారనా. కూతురు సరేసరి. పాపం ఆ ఇల్లాలు ఒక్కతే అందరికీ నీళ్ళూ నిప్పులూ చూసుకునేది."

క్లిప్పు మధ్యలో దర్జీ ఉన్నాడు. ఎడమ అంచున, సగం కోతపడి, పిడుగు బస్తా ముందు నిలబడి ఉంది. దర్జీ ప్యాడ్ జారవిడిచాడు. అది దబ్బున కాలి మీద పడటం, దర్జీ "అమ్మో" అనడం, అదే క్షణంలో అంచున ఉన్న పిడుగు కాలు లేవడం, ధబ్‌మని బస్తా ఊగడం, అన్నీ కనపడ్డాయి, వినపడ్డాయి. పిడుగు చెయ్యి చెంప దగ్గరే ఉంది. తన్ను మాత్రం కంటికి ఆననంత వేగంగా ఉంది.

డిటెక్టివ్ ఆ క్లిప్పు అడిగి తీసుకుంది. వీధిలోకి వచ్చాక చిట్టి ఆగలేకపోయాడు.

"బావమరిదేనా మేడమ్? కెమెరా వాడి చేతిలోనే ఉంది. బావ మీద కడుపు నిండా మంట ఉంది."

"ఉంది. మంట ఉన్న ప్రతివాడూ ఇల్లు తగలెట్టడు. రేపు మధ్యాహ్నం అందర్నీ హాల్లో కూర్చోబెట్టు. పోలీసు ఇన్‌స్పెక్టరుకి కూడా కబురు చెయ్యి. లారీ డ్రైవరు రానంటే, కొట్టడానికైనా రమ్మన్నానని చెప్పు."

*

లారీ డ్రైవరు వచ్చాడు. తలుపు దగ్గరే నిలబడ్డాడు. ఇన్‌స్పెక్టరు కిటికీ పక్క కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. మాస్టారు చాప అంచున నిలబడితే, కూతురు ఆయనకి దూరంగా గోడకి చేరగిలబడింది. బావమరిది తన ముక్కాలిపీట వదల్లేదు. దర్జీకి కూర్చోడానికి ఏదీ ఆనక నిలబడే ఉన్నాడు. మాస్టారి భార్య అందరికీ నీళ్ళు పోయబోయింది. డ్రైవరు గ్లాసు పక్కకి నెట్టేశాడు. నీళ్ళు చాప మీద పడ్డాయి. ఆవిడ మాట్లాడకుండా వంగి తుడిచింది.

"తొందరగా కానివ్వండి" అన్నాడు డ్రైవరు. "ఈ మొహాలు చూస్తూ ఎక్కువసేపు ఉండలేను."

"ఈ మొహాల్లో ఒకటే మీకు కావాలి" అంది డిటెక్టివ్. "చిట్టీ, పెట్టు."

గోడ మీది టీవీలో రెండు క్లిప్పులు పక్కపక్కన వచ్చాయి. కుడివైపు దర్జీది, ఎడమవైపు పిడుగుది. కుడివైపు ప్యాడ్ దబ్బున పడింది. ఎడమవైపు అదే ప్యాడ్ ఇంకా గాలిలోనే ఉంది. కుడివైపు పిడుగు తన్ని, కాలు దించి, మళ్ళీ సర్దుకుని నిలబడింది. ఎడమవైపు అదే పిడుగు కాలు ఇంకా నడుం దాకా కూడా లేవలేదు.



"ఒకే కెమెరా, ఒకే వీడియో, ఒకే తన్ను" అంది డిటెక్టివ్. "ఎడమవైపుది నెమ్మది చేశారు. చేస్తే చప్పుడు కూడా సాగి బొంగురుగా వినపడుతుంది, అందుకని చప్పుడు తీసేశారు. కానీ కింద పడే వస్తువు పడే వేగంతోనే పడుతుంది. దానికి ఎవరి మీదా పక్షపాతం ఉండదు."

"ఎందుకు చెయ్యాలి?" అన్నాడు మాస్టారు. ఆయన వాచిన కన్ను కూడా కొద్దిగా తెరుచుకుంది.

"ఆ అమ్మాయి ఫోనులో ఉన్నవన్నీ చూశాను. చెయ్యి పైనే ఉంచి కుడికాలితో తన్నినప్పుడల్లా క్లిప్పు నెమ్మదిగా, చప్పుడు లేకుండా వచ్చింది. చెయ్యి విసిరినప్పుడల్లా ఉన్నదున్నట్టు వచ్చింది. ఒక్క మాట కూడా చెప్పకుండా రోజూ ఒకటే పాఠం. చెయ్యి ఎత్తితే చచ్చుదానివి, దించితే పిడుగువి. పద్దెనిమిదేళ్ళ పిల్ల తన కళ్ళని తను నమ్మకుండా ఎలా ఉంటుంది? నమ్మమని మీరే చెప్పారు."

మాస్టారు చాప మీద కూలబడ్డాడు.

డ్రైవరు బావమరిదికేసి రెండడుగులు వేశాడు. "కెమెరా నీదేగా."

బావమరిది పీట మీంచి లేచి గోడకి అంటుకుపోయాడు. "నేను తియ్యడమే. నాకు కత్తిరించడం కూడా సరిగ్గా చేతకాదు."

"చేతకాదు" అంది డిటెక్టివ్. "అదే అతన్ని కాపాడింది. ఒక వారం క్లిప్పులు పంపింది ఇతను. అన్నీ తలకిందులుగా వెళ్ళాయి. ఆ వారం వాటిని తిప్పి చూశాను. ప్రతిదానిలో చప్పుడుంది. పిడుగు చెయ్యి పైనే ఉంచి తన్నిన తన్నులు కూడా మెరుపుల్లా ఉన్నాయి. పాపం ఆ పిల్ల మెడ నొప్పెట్టి సరిగ్గా చూడలేదు. ఆ వారం తప్ప మిగతా అన్ని రోజులూ పంపింది వేరే మనిషి."

ఇన్‌స్పెక్టరు కట్టుకున్న చేతులు విప్పాడు. చిట్టి ఎవరికేసి చూడాలో తెలిసి కూడా చూడలేకపోయాడు. నిన్న కొంగుతో అంచు తుడిచి ఇచ్చిన గ్లాసు గుర్తొచ్చింది.

"ఇంకొకటుంది" అంది డిటెక్టివ్. గొంతు మారలేదు. "ఆ పిల్లని ఊరికే ఓడించాలంటే ఏ తప్పైనా నేర్పొచ్చు. ఎడమకాలి తన్నుల జోలికి పోలేదు. కుడికాలే, కుడిచెయ్యే. కుడిచెయ్యి దిగితే తలకి కుడిపక్క ఖాళీ. ఆ ఖాళీ ఎదురుగా నిలబడ్డ మనిషి ఎడమకాలికి పనికొస్తుంది. ఈ హాల్లో ఎడమవాటం మనిషి ఒక్కతే. ఆ తన్ను కోసమే ఆ ఖాళీని నెలల తరబడి తవ్వారు."

మాస్టారి కూతురు గోడ వదిలి ముందుకు వచ్చింది. మొహంలో విసురు లేదు.

"అమ్మా" అంది.

ఆవిడ చేతిలో తడిగుడ్డ అలాగే ఉంది. దాన్ని మడిచింది, మళ్ళీ మడిచింది.

"చెవి పోతుందని నాకు తెలుసా? ఒక పాయింటు పోతుందనుకున్నాను" అంది మెల్లగా. ఇంతసేపూ ఎంత మెత్తగా ఉందో అంత మెత్తగానే ఉంది గొంతు. "నువ్వు మూడేళ్ళ వయసు నుంచి ఈ చాప మీదే పడి లేచావు. నిన్న కాక మొన్న వచ్చిన పిల్ల మెట్లెక్కింది, మీ నాన్న కళ్ళు అటు తిరిగిపోయాయి. పొద్దున లేస్తే పిడుగు, పడుకుంటే పిడుగు. ఆ పిల్ల కాలు ఎంత ఎత్తు లేచిందో నాకు చెప్పేవాడు, అన్నం పెడుతుంటే. నీ గురించి ఒక్క మాటన్నాడా ఎప్పుడైనా?"

"అందుకని?" అన్నాడు మాస్టారు.

"అందుకని మీ మాటే మీకు వడ్డించాను. వీడియో నమ్మమన్నారుగా."

డ్రైవరు ఆవిడ ముందుకి వచ్చి ఆగాడు. పిడికిలి బిగిసింది. ఇన్‌స్పెక్టరు లేచాడు, చిట్టి అడ్డం జరిగాడు. కానీ ఆ పిడికిలి దానంతటదే విడిపోయింది.

"రోజూ రాత్రి ఆ ఫోను చూసుకుని నా కూతురు దిండులో మొహం పెట్టుకుని ఏడ్చేది" అన్నాడు. "పొద్దున్న నువ్వు దానికి నీళ్ళిచ్చేదానివి. తాగేసి, ఆంటీ చాలా మంచిది నాన్నా, అనేది ఇంటికొచ్చి."

ఆవిడ మడిచిన గుడ్డని బకెట్టు అంచున ఆరేసింది. ఇన్‌స్పెక్టరు వెంట మెట్ల దాకా వెళ్ళి, కూతురికేసి తిరిగి, "నీ కోసమేనే" అంది.

"నా కోసం కాదు" అంది కూతురు. "నాకు ఆమెని ఓడించగలననే అనిపించేది. గెలిచేదాన్నో ఓడేదాన్నో, ఇప్పుడు ఎప్పటికీ తెలీదు. నన్ను ఓడిపోనివ్వాల్సింది అమ్మా. మర్నాడు లేచి మళ్ళీ నేర్చుకునేదాన్ని."

ఇనప మెట్ల మీద అడుగుల చప్పుడు కిందికి దిగిపోయింది. బావమరిది అక్క వెనక పరుగెత్తాడు. దర్జీ ఎప్పుడు జారుకున్నాడో ఎవరూ చూడలేదు. మాస్టారు టీవీకేసే చూస్తూ కూర్చున్నాడు. దానిలో రెండు క్లిప్పులూ ఆగిపోయి ఉన్నాయి.

"నేను మీ దగ్గరికి రాకుండా ఉండాల్సింది" అన్నాడు.

"రాకపోతే ఆ పిల్ల బతికినంతకాలం తన కళ్ళని తనే తిట్టుకునేది" అంది డిటెక్టివ్. "మీ ఇల్లు పోయింది, నిజమే. ఇంకొకరి ఇల్లు కూల్చి నిలబెట్టిన ఇల్లు అది."

అంతకన్నా ఓదార్పు ఆవిడ దగ్గర దొరకదని చిట్టికి తెలుసు. మాస్టారికీ తెలిసినట్టుంది, ఇంకేమీ అడగలేదు.

మాస్టారి కూతురు డ్రైవరు దగ్గరికి వెళ్ళింది.

"నన్ను ఆసుపత్రికి తీసుకెళ్తారా? ఈ మాట నేనే చెప్పాలి. ఇంకెవరి నోటా విననివ్వకండి."

ఆయన ఆమె మొహంలోకి చాలాసేపు చూశాడు. "అది నిన్ను చూస్తే ఏది దొరికితే అది విసురుతుంది."

"విసరనివ్వండి."

*

పిడుగు మందుల ట్రే విసిరింది. గురి తప్పింది, అంత కోపంలోనూ తల తిరుగుతోంది మరి. మాస్టారి కూతురు కింద పడ్డ సీసాలు ఏరి బల్ల మీద పెట్టి, మంచం పక్కన నిలబడి చెప్పడం మొదలుపెట్టింది. క్లిప్పుల సంగతి, చప్పుడు సంగతి, అమ్మ సంగతి. గుమ్మం బయట నిలబడ్డ చిట్టికి అన్నీ వినపడుతూనే ఉన్నాయి. పిడుగు మొహంలో మాత్రం ఏ మార్పూ లేదు.

"అటు కాదు" అన్నాడు డ్రైవరు. "ఆ చెవి వినపడదు. ఇటు రా."

ఆ అమ్మాయి అక్కడే ఒక్క క్షణం ఆగిపోయింది. తరవాత మంచం చుట్టూ తిరిగి రెండోవైపుకి వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని, మళ్ళీ మొదట్నుంచీ చెప్పింది. ఏదీ వదల్లేదు, ఏదీ మెత్తబరచలేదు. డిటెక్టివ్ ఇచ్చిన రెండు క్లిప్పులూ ఫోనులో పెట్టి చూపించింది.

పిడుగు వాటిని చూసింది. దర్జీ క్లిప్పు అంచున సగం కోతపడ్డ తన రూపం కుడికాలు ఎత్తి తన్నింది, చెయ్యి చెంప దగ్గరే ఉంచి. ఆమె దాన్ని మళ్ళీ చూసింది. మళ్ళీ మళ్ళీ చూసింది. కళ్ళలో అంతవరకూ లేని నీళ్ళు అప్పుడొచ్చాయి.

"ఇంత వేగం ఉందా నాకు?" అంది.

"ఉంది. నాకు తెలుసు. ఎదురుగా నిలబడ్డదాన్ని నేను."

పిడుగు క్లిప్పు ఆపింది.

"నీ మొహం చూస్తే నాకు అసహ్యం" అంది పిడుగు చివరికి. "మీ అమ్మంటే ఇంకా అసహ్యం. డాక్టరు రేపట్నుంచి నన్ను గోడ పట్టుకుని నడవమన్నాడు. పడిపోతే పట్టుకోడానికి ఒక మనిషి ఉండాలట. మా నాన్న లారీ ఎక్కాలి." ఫోను తిరిగి ఇవ్వకుండా గుండెకి ఆనించుకుంది. "పొద్దున్నే రా. మాట్లాడకు, ఊరికే పట్టుకో."

గుమ్మం బయట డిటెక్టివ్ అప్పటికే మెట్ల వైపు నడుస్తోంది. చిట్టి కళ్ళు తుడుచుకుని ఆవిడ వెనక నడిచాడు.